తిన్న పావుగంటకే వెళ్లాల్సి వస్తోందా? పోతున్నది ఇప్పుడు తిన్న అన్నం కాదు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 31, కూర్చుని చేసే ఉద్యోగం. మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కున్న పావుగంటకే బాత్రూంకి వెళ్లాల్సి వస్తోంది, రాత్రి పెద్ద గ్లాసుడు పాలు తాగి పడుకుంటారు, పొద్దున లేచేసరికి కడుపు ఉబ్బరం, అందుకని ఆరు నెలలుగా పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నారు. బరువు ఏడాదిగా మారలేదు, రక్తం పడటం లేదు, నిద్రలోంచి లేచి వెళ్లాల్సిన అవసరం రాలేదు. మీ ప్రశ్న: తిన్నది తిన్నట్టే పోతోందా, ఒంటికి పట్టడం లేదా, అసలు అన్నం కడుపులో ఎంతసేపు ఉంటుంది?

నేను ఇరవై రెండేళ్లుగా పేగుల వైద్యమే చేస్తున్నాను. ఈ ప్రశ్న వారానికి నలుగురైదుగురు అడుగుతారు, అడిగేటప్పుడు చాలామంది మొహంలో నిజమైన భయం ఉంటుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను. పోతున్నది ఇప్పుడు తిన్న అన్నం కాదు, నిన్నటిదో మొన్నటిదో. ఒంటికి పట్టకపోతే ఏడాదిలో మీ బరువు జారిపోయేది, జారలేదు కాబట్టి పడుతోంది. ఇక ఆ బిళ్ల పనిచేసే చోటు వేరు, మీ ఉబ్బరం పుట్టే చోటు వేరు. ఎందుకో తెలియాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకి మీరు తిన్న ముద్ద వెంట మనమూ వెళ్లాలి. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, చివర్లో పెరుగు అనుకుందాం.

నోట్లో పెట్టుకోగానే పని మొదలవుతుంది, నిజానికి పోపు వాసన తగిలినప్పుడే మొదలైంది. రోజుకి సుమారు లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది, అందులో పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకుని మింగకుండా ఒక నిమిషం నములుతూ ఉండండి, తియ్యగా అవుతాయి. అది మీ నోట్లోనే తయారైన చక్కెర. కానీ మనం అన్నాన్ని నాలుగు నములు నమిలి మింగేస్తాం, ఫోన్ చూస్తూ తింటే అవి కూడా ఉండవు. పళ్లు చెయ్యాల్సిన పని జీర్ణాశయం మీద పడుతుంది, పైగా గబగబా తినేవాళ్లు ముద్దతో పాటు గాలి కూడా మింగుతారు. తిన్న వెంటనే వచ్చే తేన్పుల్లో చాలా వరకు ఆ గాలే.

మింగేటప్పుడు గొంతులో జరిగేది చాలా సున్నితమైన వ్యవహారం. గాలి దారి, అన్నం దారి అక్కడ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మింగే ఆ ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీద చిన్న మూత వాలుతుంది. తింటూ మాట్లాడితే ఆ లెక్క తప్పి మెతుకు అటు వెళ్లబోతుంది, దాన్నే పొలమారడం అంటాం, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతాం. తట్టినా తట్టకపోయినా దాన్ని బయటికి తోసేది దగ్గే, కాబట్టి దగ్గనివ్వండి, మధ్యలో నీళ్లు పొయ్యకండి.

అక్కణ్ణుంచి ఆహారవాహిక, సుమారు 25 సెంటీమీటర్ల కండరాల గొట్టం. ముద్ద దాంట్లో జారిపడదు. వెనక బిగుస్తూ ముందు వదులవుతూ ఆ గొట్టమే దాన్ని నెట్టుకుంటూ పోతుంది, అందుకే తలకిందులుగా ఉన్నా మింగగలం. పది సెకన్లలోపు కిందికి చేరుతుంది. కింద చివర, ఛాతీనీ కడుపునీ విడదీసే కండరాల పొర (డయాఫ్రం) దగ్గర, ఒక బిగింపు కండరం ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు తెరుచుకుని వెంటనే బిగుసుకోవాలి. అది వదులైతేనో, కడుపు నిండా తిని వెంటనే నడుం వాల్చేస్తేనో ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీలో మంట, పులితేన్పులు వస్తాయి. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలనేది దీనికోసమే. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చాలామందికి మంట తగ్గుతుంది, ఎందుకంటే జీర్ణాశయం సంచి ఎడమ వైపుకి ఉంటుంది, ఆమ్లం ఆ గుంటలోనే నిలుస్తుంది.

ఇప్పుడు జీర్ణాశయం. జీర్ణమంతా ఇక్కడే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. పేరులోనే జీర్ణం ఉంది కాబట్టి అనుకోవడంలో తప్పు లేదు, కానీ ఇది ముఖ్యంగా నిల్వ చేసే సంచి, రుబ్బే రోలు. మాంసకృత్తుల మీద కొంత పని చేస్తుంది, సూక్ష్మజీవుల్ని చంపుతుంది, బి12 విటమిన్ ఒంటికి పట్టడానికి కావలసిన ఒక ప్రోటీన్‌ని తయారు చేస్తుంది. అంతకుమించి ఒంటికి పట్టించే పని ఇక్కడ పెద్దగా లేదు. నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే ఎండోస్కోపీ చేసేటప్పుడు నాకు ఇప్పటికీ ఆశ్చర్యం వేసే దృశ్యం ఒకటుంది. పళ్ల దగ్గర్నుంచి గొట్టం 40 సెంటీమీటర్ల గుర్తు దగ్గరికి వచ్చేసరికి పాలిపోయిన గులాబీ రంగు ఆహారవాహిక ఆగిపోతుంది, అక్కణ్ణుంచి ముదురు నారింజ ఎరుపు మొదలవుతుంది. మధ్యలో సరిహద్దు వంకరటింకరగా, చించిన కాగితం అంచులా కనిపిస్తుంది. లోపల మందమైన మడతలు, వాటి మీద తళతళలాడే జిగురు. ఆ పల్చటి జిగురు పొరే లేకపోతే ఆమ్లం జీర్ణాశయాన్నే తినేస్తుంది. ఇంకా ముందుకి వెళ్లి కాసేపు కదలకుండా చూస్తే, సుమారు ఇరవై సెకన్లకోసారి ఒక అల బయల్దేరి నెమ్మదిగా చివర ఉన్న చిన్న రంధ్రం దాకా వచ్చి దాన్ని మూసేస్తుంది. మళ్లీ తెరుచుకుంటుంది. మీ అన్నాన్ని రుబ్బేది ఆ అలే.

ఎండోస్కోపీ లేని రోజుల్లో ఇది చూసే భాగ్యం ఒక వైద్యుడికి దక్కింది. 1822 జూన్‌లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రాడికి దగ్గర్నుంచి తుపాకీ గుండు తగిలింది. బతికాడు కానీ జీర్ణాశయంలోకి దారితీసే చిల్లు ఎప్పటికీ పూడలేదు. అతనికి వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బోమంట్ పట్టుదారానికి తిండి ముక్కలు కట్టి ఆ చిల్లులోంచి లోపలికి వదిలి, కొన్ని గంటలకోసారి పైకి లాగి చూసేవాడు. 1833లో అవన్నీ పుస్తకంగా వేశాడు. తిండిని కరిగించేది ఒక రసమేనని గట్టిగా చూపించినవాడు ఆయన. మార్టిన్ కోపంగా ఉన్నప్పుడు అరుగుదల దెబ్బతినేదని కూడా రాసుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ విషయంలో మళ్లీ పనికొస్తుంది.

జీర్ణాశయం చివరి రంధ్రం చాలా పట్టుదల ఉన్న కాపలాదారు. గట్టి తిండి ఒకటి, రెండు మిల్లీమీటర్ల నలుసులయ్యేదాకా మామూలుగా దాటనివ్వదు. నీళ్లు, మజ్జిగ త్వరగా వెళ్లిపోతాయి. అన్నం పప్పు లాంటి భోజనం ఖాళీ కావడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది, నెయ్యి, నూనె దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువ. పెళ్లిభోజనం రాత్రి దాకా కడుపులో బరువుగా ఉండిపోయేది ఇందుకే. కాబట్టి మీరు పావుగంటకి బాత్రూంకి వెళ్లినప్పుడు ఒంటిగంటకి తిన్న భోజనం దాదాపు మొత్తం ఇంకా ఈ సంచిలోనే ఉంది.

రంధ్రం దాటితే చిన్నపేగు మొదటి భాగం, ఆంత్రమూలం. పన్నెండు వేళ్ల వెడల్పంత ఉంటుందని పాతకాలపు వైద్యులు లాటిన్‌లో పన్నెండు అనే మాటతోనే దానికి పేరు పెట్టారు, కొలిస్తే సుమారు 25 సెంటీమీటర్లు. ఇంత చిన్న ముక్కలో జరిగే పని అంతా ఇంతా కాదు. జీర్ణాశయం వెనక ఉండే క్లోమం అనే గ్రంథి నుంచి వచ్చే రసంలోని క్షారం జీర్ణాశయపు పులుపుని చంపుతుంది, దాని ఎంజైములు పిండినీ, మాంసకృత్తుల్నీ, కొవ్వునీ మూడింటినీ విరగ్గొడతాయి. ముద్దపప్పులో మీరు వేసుకున్న నెయ్యి తగలగానే ఇక్కడి గోడ ఒక హార్మోన్ వదులుతుంది, అది రక్తంలో వెళ్లి పిత్తాశయాన్ని పిండుతుంది, పైత్యరసం వచ్చి పడుతుంది. సబ్బు జిడ్డుని ఎలా విడగొడుతుందో అది నెయ్యిని అలా సన్నటి బిందువులుగా చేస్తుంది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకి నూనె వంటకాలు తిన్నాక కుడి డొక్కలో నొప్పి వచ్చేది ఈ పిండుడు వల్లే.

చిన్నపేగు పొడవు ఆరు మీటర్లని పుస్తకాల్లో చదివి ఉంటారు. అది చనిపోయినవారిలో, కండరం పట్టు వదిలాక కొలిచినది. బతికున్నవాళ్లలో మూడు నుంచి ఐదు మీటర్ల దాకా ఉంటుంది. అసలు గొప్పతనం పొడవులో లేదు, గోడలో ఉంది. లోపలి గోడ మీద వెల్వెట్ గుడ్డ మీది నూగులా మిల్లీమీటరు కూడా లేని మొలకలు లక్షలకొద్దీ ఉంటాయి, బడి పుస్తకాల్లో వాటిని ఆంత్రచూషకాలు అని చదివాం. ఎండోస్కోపీలో అక్కడ కొంచెం నీళ్లు వదిలితే, చెరువు అడుగున నాచు ఊగినట్టు అవి ఊగుతూ కనిపిస్తాయి. వాటి మీద మళ్లీ మైక్రోస్కోపుకే కనిపించే బ్రష్షు లాంటి అంచు. టెన్నిస్ కోర్టంత విస్తీర్ణం అని పాత లెక్క, 2014లో మళ్లీ కొలిచి చూస్తే జీర్ణనాళం మొత్తం కలిపి 32 చదరపు మీటర్లు తేలింది. మన లెక్కలో 38 గజాల స్థలం, అందులో ఎక్కువ భాగం చిన్నపేగుదే. దీని పైపొర మూడు నుంచి ఐదు రోజులకోసారి మొత్తం కొత్తగా పుడుతుంది. ఒంట్లో ఇంత తొందరగా మారే కణజాలం ఇంకొకటి చూపించడం కష్టం.

ఒంటికి పట్టడం అంటే ఇదిగో ఇక్కడ జరిగేది. అన్నంలోంచి వచ్చిన గ్లూకోజు, పప్పులోంచి వచ్చిన అమైనో ఆమ్లాలు గోడ దాటి రక్తంలో కలిసి నేరుగా కాలేయానికి వెళ్తాయి. నెయ్యి దారి వేరు, అది శోషరస నాళాల్లో పాలలా తెల్లగా పైకి ప్రయాణించి ఎడమ మెడ అడుగున రక్తంలో కలుస్తుంది. గ్లూకోజు లోపలికి వచ్చేటప్పుడు సోడియంని జత పట్టుకుని వస్తుంది, వాటి వెనక నీళ్లు వస్తాయి. కలరాలో కూడా ఈ తలుపు పాడవదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ అయిపోయినప్పుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి జనాన్ని కాపాడింది ఈ తలుపు గుండానే. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపమని మేం ప్రాణం తీసేది అందుకే, చక్కెర ఎక్కువైతే నీళ్లని లోపలికి తేవడం పోయి పేగులోకే లాగుతుంది.

ఈ గోడ నిజంగా దెబ్బతింటే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, మీ భయం పోవడానికి. స్ప్రూ అనే జబ్బులో ఆ మొలకలు అరిగిపోతాయి. మనిషి ఎంత తిన్నా చిక్కిపోతాడు, రక్తం తగ్గుతుంది, నాలుక పుండవుతుంది, విరేచనం జిడ్డుగా నీళ్ల మీద తేలుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నగారిని పొట్టన పెట్టుకున్నది ఈ జబ్బే. తర్వాత అమెరికాలో ఆయన నడిపించిన బృందం తయారు చేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూ చికిత్సలో భాగమైంది. మీ లక్షణాల్లో దీని పోలిక ఒక్కటి కూడా లేదు.

మధ్యలో ఒక మాట. ఆకలేసినప్పుడు కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయంటాం కదా, అది ఖాళీ పేగు తనని తాను ఊడ్చుకునే చప్పుడు. ఏమీ తినకపోతే గంటన్నర, రెండు గంటలకోసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరి దాకా ఒక బలమైన అల మిగిలిన నలుసుల్నీ సూక్ష్మజీవుల్నీ ముందుకి తోసేస్తుంది. అస్తమానం ఏదో ఒకటి నోట్లో వేసుకునేవాళ్లకి ఈ ఊడ్పు జరగదు, ఒక్క బిస్కట్ తిన్నా ఆగిపోతుంది.

చిన్నపేగులోకి రోజూ దిగే ద్రవం 8, 9 లీటర్లు ఉంటుంది. మనం తాగేది అందులో రెండు లీటర్లే, మిగతాది మన రసాలే. అందులో ఒకటి, రెండు లీటర్లు మాత్రం పెద్దపేగుకి చేరుతుంది. ఒంటిగంట భోజనంలో మిగిలిన పీచు, అరగని పదార్థం అక్కడికి వెళ్లేసరికి రాత్రి ఏడు, తొమ్మిది గంటలవుతుంది. పెద్దపేగు పొడవు మీటరున్నరే అయినా అసలు ఆలస్యం ఇక్కడే, ఒక రోజు నుంచి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీళ్లు పీల్చుకుంటుంది. కోట్లాను కోట్ల బ్యాక్టీరియా మనం అరిగించుకోలేని పీచుని తిని, పెద్దపేగు గోడకి ఆహారమయ్యే కొవ్వు ఆమ్లాల్ని ఇస్తాయి. ఆ పులియబెట్టడంలో హైడ్రోజన్, కార్బన్ డై ఆక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. శనగపప్పు, రాజ్మా, ఉల్లి తిన్నాక ఉబ్బరం ఇదే. రోజుకి పది నుంచి ఇరవై సార్లు గ్యాస్ పోవడం ఆరోగ్యమే, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అదీ అసలు గ్యాస్. మన దగ్గర ఒక పెద్ద గందరగోళం ఉంది. ఛాతీలో మంటా గ్యాస్ట్రిక్కే, ఉబ్బరమూ గ్యాస్ట్రిక్కే, నడుం నొప్పి కూడా గ్యాస్ పట్టేసిందంటారు. గ్యాస్ట్రిక్ అంటే జీర్ణాశయానికి సంబంధించినది అని అర్థం, ఆ మాటలో గాలి లేదు. మీరు వేసుకునే పాంటోప్రజోల్ జీర్ణాశయం గోడలో ఆమ్లం తయారయ్యే పంపుల్ని ఆపుతుంది, గాలి పుట్టే పెద్దపేగు మీద దానికి అధికారం లేదు. ఆమ్లం వల్ల మంట, అల్సర్ ఉన్నవాళ్లకి అది చాలా మంచి మందు, నేనే రోజూ రాస్తాను. మీరు చెప్పినదాంట్లో మంట ఎక్కడా లేదు. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది కాబట్టి, రాసిన డాక్టరుతో మాట్లాడి తగ్గించుకోండి. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం కొన్నాళ్లు ఎగదన్నుతుంది, అప్పుడు బిళ్ల లేకపోతే బతకలేనని పొరబడతారు. గుండెకోసం ఆస్పిరిన్, కీళ్లకోసం నొప్పి మాత్రలు వాడేవాళ్లు మాత్రం నా మాట విని సొంతంగా ఆపకండి.

ఇప్పుడు మీ పావుగంట సంగతి. జీర్ణాశయం సాగగానే నరాల ద్వారా, హార్మోన్ల ద్వారా పెద్దపేగుకి కబురు వెళ్తుంది: పైనుంచి సరుకు వస్తోంది, కింద ఖాళీ చెయ్యి. పెద్దపేగు ఒక్కసారిగా బిగుసుకుని నిన్నటి సరుకుని కిందికి తోస్తుంది. పసిపిల్లలు పాలు తాగుతూనే విరేచనం చేసేది ఇందుకే. పెద్దవాళ్లందరిలో కూడా ఉంటుంది, కొందరిలో కొంచెం గట్టిగా పలుకుతుంది, టెన్షన్ ఉంటే ఇంకా గట్టిగా. పేగు గోడలో పది కోట్లకి పైగా నరకణాలున్నాయి, మెదడుతో వాటికి రెండు వైపులా మాటలు నడుస్తాయి. పరీక్ష హాలు ముందు పిల్లలు బాత్రూంకి పరిగెత్తడం మనం చూసిందే. ఇలాంటి పేగుని మేం సున్నితమైన పేగు అంటాం, ఐబీఎస్ అనే పేరు వినే ఉంటారు. పేగు గోడకి గాయం ఉండదు, కదలికా స్పర్శా హెచ్చుగా ఉంటాయి. బాధ మాత్రం నిజమే, "అంతా నీ మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ముందు రాత్రి పాలు రెండు వారాలు ఆపి చూడండి. పాలలోని చక్కెరని విరగ్గొట్టే ఎంజైమ్ పెద్దయ్యాక మనలో చాలామందికి తగ్గిపోతుంది. పెద్ద గ్లాసుడు పాలలో సుమారు 12 గ్రాముల ఆ చక్కెర ఉంటుంది, అది అరక్క పెద్దపేగుకి చేరితే బ్యాక్టీరియాకి పండగే, తెల్లారేసరికి మీ కడుపు డప్పులా ఉంటుంది. పెరుగు మానక్కర్లేదు, తోడుకునేటప్పుడే ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. మధ్యాహ్నం భోజనం ఒకేసారి పళ్లెం నిండా కాకుండా కొంచెం తగ్గించి, నాలుగింటికి ఏదైనా తినండి, సంచి తక్కువ సాగితే కబురు కూడా మెల్లగా వెళ్తుంది. తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. ఏం తిన్నారో, ఎప్పుడు వెళ్లారో రెండు వారాలు ఒక కాగితం మీద రాసుకుంటే డాక్టరుకి స్కానింగుల కంటే ఎక్కువ పనికొస్తుంది. రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఒక మలపరీక్ష చాలు, ఇప్పటికిప్పుడు మీకు ఎండోస్కోపీ అవసరం కనపడటం లేదు.

కానీ ఇవి వస్తే మాత్రం ఆగకండి: బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, తారులా నల్లగా జిగటగా పోవడం (ఐరన్ మాత్రలు వాడేవాళ్లకి నల్లగా రావడం మామూలే, కానీ తారులా ఉండదు), నిద్రలో లేచి వెళ్లాల్సి రావడం, మింగుడు పడకపోవడం, కళ్లు పచ్చబడి విరేచనం సున్నంలా తెల్లబడటం. ఇంట్లో పెద్దవాళ్లకి పైకడుపులో నొక్కేస్తున్నట్టు ఉండి చెమటలు పడితే సోడా తాగించి కూర్చోబెట్టకండి. అలా రాత్రంతా "గ్యాసేలే" అని ఆగి తెల్లవారి గుండెపోటుతో వచ్చినవాళ్లని నా చేతులతో చూశాను, కొందరిని దక్కించుకోలేకపోయాం. ముందు ఈసీజీ తీయించండి, గ్యాస్ సంగతి తర్వాత చూడొచ్చు.

పాలు ఆపిన రెండు వారాల తర్వాత ఉబ్బరం ఎంత తగ్గిందో, పావుగంట పరుగు ఎన్ని రోజులు వచ్చిందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం చెయ్యాలో చెప్తాను.